పోలయ్య మేస్త్రి చెప్పిన సాక్ష్యం

కోట ఊళ్లో చిన్నపోలయ్య మేస్త్రిని "బాగుండావా అన్నా" అని పలకరించదలచినవాడు ముందు తన పనులన్నీ ముగించుకుని రావాలి. ఆయన బాగున్నదీ లేనిదీ చెప్పడు. తన ఘనకార్యాలు చెబుతాడు. అవి ఏడు. ఏడూ పూర్తయ్యేదాకా ఎదుటివాడి భుజం మీద వేసిన చెయ్యి తియ్యడు.

మొదటిది యుద్ధం. నలభై నాలుగులో బర్మా సరిహద్దు కొండల్లో మలుపు తిరిగే చోటు లేక, మిలిటరీ లారీని రెండు మైళ్లు వెనక్కి నడిపించి పన్నెండు మంది సిపాయిల ప్రాణాలు కాపాడాడు. ఊళ్లో కొందరు ఆ పన్నెండు మందీ లారీలో లేరు, అవి బంగాళాదుంపల బస్తాలు అంటారు. వాళ్లు గిట్టనివాళ్లు. రెండోది, ఆ మాటకు సాక్ష్యంగా ఒక దొర రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం. పోలయ్య తన సొంతూరు మైపాడు బడిలో మూడో తరగతి దాకా చదివినవాడు కనుక ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. అద్దం కట్టించి గోడకు తగిలించాడు. చదవగలిగినవాళ్లు ఎవరైనా ఇంటికొస్తే మాత్రం వాళ్లను వీపు గోడవైపు పెట్టి కూర్చోబెడతాడు.

నాలుగో ఘనకార్యాన్ని ఆయన భార్య అంకాలమ్మ ఒప్పుకోదు. నాయుడుపేట దారిలో ఫ్యాను బెల్టు తెగితే ఆమె కొత్త చీర అంచు చించి, మెలిపెట్టి, ముడివేసి బండిని ఇంటికి చేర్చిన కథ అది. "బెల్టు తెగింది నిజమే, చీర చినిగింది నిజమే, ఘనకార్యం యాడుండాది?" అంటుంది అంకాలమ్మ.

తక్కినవన్నీ ఆయన తోలే, ఆయనే మరమ్మతు చేసే వ్యాను చుట్టూ తిరుగుతాయి. ఆ వ్యాను సంగతి చెప్పకుండా పోలయ్య సంగతి చెప్పడం కుదరదు.

అది యుద్ధంలో గాయపడినవాళ్లను మోసిన బండి. యుద్ధం అయిపోయాక ఒక ఆసుపత్రికి చేరింది. అక్కడ పదేళ్లు రోగులను మోసి, ఆసుపత్రివాళ్లు ఇక చాలనుకున్నప్పుడు, అక్కడే కాంపౌండరుగా చేసి దిగిపోయిన సంజీవరావు గారి ఇంటికి వచ్చింది. సంజీవరావు గారు కోటలో మందుల దుకాణం పెట్టాడు. ఇంట్లో ఆయన, భార్య రెబెక్కమ్మ, తల్లి మగ్దలీనమ్మ, ఏడుగురు పిల్లలు. పడక తీసేసి రెండు వైపులా బల్లలు బిగిస్తే పదిమందీ పట్టే బండి ఆ చుట్టుపక్కల అదొక్కటే. పక్కన ఎర్ర సిలువ మీద ఆకుపచ్చ రంగు పూశారు కానీ ఎండకు రంగు వెలిసి సిలువ మళ్లీ కనబడేది. అది చూసి ఎడ్లబండ్లవాళ్లు దారి ఇచ్చేవాళ్లు, ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందోనని. లోపల చూస్తే సంజీవరావు గారి పిల్లలు వేరుశనక్కాయలు తింటూ ఉండేవాళ్లు.

మైళ్లు లెక్కబెట్టే మీటరులో అంకెల గళ్లు అయిదే. తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటితే మళ్లీ సున్నాలు. పోలయ్య చేతిమీద అది రెండోసారి సున్నాలకు వచ్చింది. ఆ రోజు నడిరోడ్డు మీద బండి ఆపి, దిగి, ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. సంజీవరావు గారు పక్కకు తిరిగి పొలాల్లో కొంగలను చూశాడు. మగ్దలీనమ్మ మాత్రం చెయ్యి చాపి చిప్ప అడిగింది. ఇది అయిదోది. ఆ బండిలో ఇద్దరు ఆడవాళ్లు ప్రసవించడం మూడోది. ఒక పిల్లకు వ్యానమ్మ అని పేరు పెట్టబోతే పాస్టరు గారు అడ్డుపడ్డారట.

ఆరోది చెవి. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఏ వాల్వు ఏమంటున్నదో చెప్పేస్తాడు. "డాక్టరు గొట్టం పెట్టి వింటే ఫీజు ఇస్తారు. నేను వింటే నవ్వుతారు" అని ఆయన బాధ.

ఇక ఏడోది. పోలయ్య తండ్రి బకింగ్‌హామ్ కాలువ మీద తిరిగే పడవలకు మరమ్మతు చేసేవాడు. పలకల సందుల్లో నారపీచు కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పోసి, ఆరకముందే బొటనవేలితో అదిమేవాడు. పడవవాడికి బొక్క కనబడటమూ పగవాడు కనబడటమూ ఒకటే. పోలయ్య లారీలకు పోయినా ఆ రక్తం ఎక్కడికి పోతుంది? అరవైలో కార్తీకం వానలు తెగ కొట్టినప్పుడు వ్యాను లోపలికి నీళ్లు, ఇంజనులోకి నీళ్లు, పెట్రోల్లోకి నీళ్లు. మూడుసార్లు ట్యాంకు దించి కడిగిన పోలయ్యకు కోపం వచ్చింది. కుండెడు గుగ్గిలం కాచి, ముక్కు నుంచి తోక దాకా బండికి పడవవైద్యం చేశాడు. నేల పలకల సందులు, తలుపుల సందులు, బల్లల మేకుల చుట్టూ, ఎక్కడ సన్నటి చిల్లు కనబడితే అక్కడ. ఆ తర్వాత ఒక్క చుక్క లోపలికి రాలేదు. "స్వర్ణముఖిలో వదిలితే తేలతాది అయ్యా, తెడ్డు ఒకటి చేయించండి" అని సంజీవరావు గారికి చెప్పాడు. ఆయన కూడా మెచ్చుకున్నాడు.

అరవై ఒకటి జనవరిలో బండికి జబ్బు పట్టుకుంది.

అప్పటిదాకా గూడూరు నుంచి డబ్బాలో తెచ్చిన పెట్రోలు రెండేసి గ్యాలన్లు పోసుకుని చుట్టుపక్కల తిరిగేవాళ్లు. జనవరిలో సంజీవరావు గారికి మందులకోసం వారంవారం నెల్లూరు పోయే పని పడింది. ట్యాంకు నిండా పోయించడం మొదలుపెట్టాడు. మొదటిసారి నిండా తాగిన బండి ఏడో మైలు దగ్గర దగ్గింది, ఎక్కిళ్లు పెట్టింది, ఆగింది.

పోలయ్య దిగి బానెట్టు ఎత్తాడు. ప్లగ్గులు విప్పి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ బిగించాడు. ఈలోగా సంజీవరావు గారు, పెట్రోలు బంకువాడు తక్కువ పోశాడేమోనని, వెనక పక్కనున్న ట్యాంకు మూత తిప్పి వెదురుపుల్ల ముంచి చూశాడు. నిండుగానే ఉంది. మూత పెట్టేశాడు. పోలయ్య హ్యాండిలు తిప్పగానే బండి అందుకుంది.

"ప్లగ్గులయ్యా" అన్నాడు పోలయ్య, చేతులు దులుపుకుంటూ.

తొమ్మిది మైళ్లు పోయాక మళ్లీ ఆగింది. ఈసారి డిస్ట్రిబ్యూటరు పాయింట్లు గీకాడు. సంజీవరావు గారు పుల్ల ముంచి చూశాడు. బండి అందుకుంది.

"పాయింట్లయ్యా."

మూడోసారి ఆగినప్పుడు పెట్రోలు పంపును స్పానరుతో రెండు తట్లు తట్టాడు. రెబెక్కమ్మ పిల్లలందరినీ దింపి, చింతచెట్టు కింద కళ్లు మూయించి ప్రార్థన చేయించింది. సంజీవరావు గారు పుల్ల ముంచాడు. బండి అందుకుంది. ఆ రోజు నుంచి రెబెక్కమ్మకూ పోలయ్యకూ తగువు. పంపు వల్ల కదిలిందని ఈయన, ప్రార్థన వల్ల కదిలిందని ఆమె.

"ప్రార్థనకే కదిలేదయితే స్పానర్లు ఎందుకమ్మా, పాటల పుస్తకం పెట్టుకోని తోల్తాను" అన్నాడు పోలయ్య.

"నీ స్పానర్లకే కదిలేదయితే మళ్లీ ఎందుకు ఆగింది?" అన్నది రెబెక్కమ్మ.

"నీ ప్రార్థనకి కదిలినా మళ్లీ ఆగింది గదమ్మా!"

"మీ ఇద్దరి నోళ్లకీ జడిసి ఆగుతా ఉండాది" అన్నది మగ్దలీనమ్మ. ఎనభై దాటిన మనిషి. వెనక మూల, ట్యాంకు మూతకు సరిగ్గా పక్కన, కిటికీ దగ్గర ఆమె చోటు. "అయినా అది ఆగినప్పుడంతా మా అబ్బయ్య మూత తీస్తాడా, 'హుస్' అని నిట్టూరుస్తాది. పాపం దానికేందో దిగులు."

ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. బండికి దిగులేమిటి?

ఒకరోజు వెదురుపుల్ల ఇంట్లో మరిచారు. ఆరోజు ప్లగ్గులు తుడిచినా, పాయింట్లు గీకినా, పంపును తట్టినా, రెండుసార్లు ప్రార్థించినా బండి కదలలేదు. ఎడ్లు కట్టి గూడూరు లాగించారు. ఊళ్లోకి పోయేసరికి మూడు గంటలు పట్టింది. అక్కడ హ్యాండిలు వెయ్యగానే, ఏమీ ఎరగనట్టు అందుకుంది. బజారులో జనం నవ్వారు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని పోలయ్య చాలాసేపు విన్నాడు. ఇంజను ఆయనతో ఒక్క ముక్క చెప్పలేదు.

మార్చి రెండో ఆదివారం నెల్లూరు చర్చిలో యాభై ఏళ్ల పండుగ. ఇంటిల్లిపాదీ పోవాలి. నాలుగు రోజుల ముందు సంజీవరావు గారు పోలయ్యకు చెప్పకుండా నెల్లూరు నుంచి మెకానిక్కును పిలిపించాడు. పేరు కామాక్షయ్య. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న స్క్రూడ్రైవరు. వచ్చీ రాగానే చేతిగుడ్డ పరిచి దానిమీద కూర్చున్నాడు.

పోలయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నలభై నాలుగులో అబ్బయ్యా..."

"నాకు అప్పటికి పదమూడేళ్లు మేస్త్రీ" అని అతను చెయ్యి తీసేసి లేచాడు.

ఏడింటిలో ఒకటి కూడా వినకుండా లేచిపోయినవాణ్ణి పోలయ్య అంతకుముందు చూడలేదు.

"చూడు నాయనా, అయిదేళ్లుగా ఈ ఇంజను గుండెకాయ నా చెవిలో కొట్టుకుంటా ఉండాది. నాకు దొరకని జబ్బు నీకు దొరికిందంటే, నా స్పానర్ల సంచి మైపాడు సముద్రంలో ఇసిరేస్తా. పోలేరమ్మ సాక్షి!"

సంజీవరావు గారు అరుగు మీద నుంచి ఆ మాట విన్నాడు.

కామాక్షయ్య ట్యాంకు ఖాళీ చేశాడు. మూత తీసి గోడమీద పెట్టాడు, బోర్లా. గొట్టాలు ఊదాడు. కార్బొరేటరు విప్పి, అందులోంచి గోరంత మట్టి తీసి, అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు, పిల్లవాడి ముక్కులోంచి చింతగింజ తీసిన డాక్టరులాగా. మళ్లీ బిగించి, రెండు గ్యాలన్లు పోసి, సంజీవరావు గారిని ఎక్కించుకుని వాకాడు పోయి వచ్చాడు. ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి పోయి వచ్చాడు. ఆగలేదు.

"కార్బొరేటరండీ" అన్నాడు, చేతిగుడ్డ దులిపి మడతపెట్టుకుంటూ.

సంజీవరావు గారు పోలయ్యను పిలిచాడు. మంచివాడే. అందుకే నెమ్మదిగా చెప్పాడు. "పోలయ్యా, సముద్రంలో ఏం వెయ్యొద్దులే. పండగ అయినాక బండి మరమ్మతులన్నీ కామాక్షయ్య చూసుకుంటాడు. నువ్వు స్టీరింగు పట్టుకుంటే చాలు. స్పానర్ల సంచి సోమవారం అతనికి అప్పజెప్పు."

పోలయ్య సంచి భుజాన వేసుకున్నాడు. ఇంటికి పోయి సంచి మంచం మీద పెట్టుకుని కూర్చున్నాడు. సముద్రంలో వేస్తే పౌరుషం. ఇస్త్రీ చొక్కావాడికి అప్పజెప్పడం ఏమిటి? మేస్త్రి అనే మాట ఊడబెరికితే మిగిలేది చిన్నపోలయ్య. చిన్నపోలయ్యలు మైపాడులో నలభై మంది ఉన్నారు.

"ఏందయ్యా, అట్టా కూర్చున్నావు? ఎవురన్నా పోయినారా?" అన్నది అంకాలమ్మ.

"నేనే" అన్నాడు.

పండుగ ముందురోజు శనివారం పొద్దున రెబెక్కమ్మ కొత్త వేరుశనగ నూనె డబ్బా తెప్పించి, "పోలయ్యా, దీనికి బొక్క పొడిచి పో" అన్నది. పోలయ్య దబ్బనం సుత్తీ తెచ్చి, డబ్బాకు ఒక మూల ఒక బొక్క, ఎదురు మూల ఇంకో బొక్క పొడిచి, నూనె జాడీలోకి ధారగా వంచి ఇచ్చి, దబ్బనం జేబులో వేసుకుని పోయాడు. ఆయన మనసు అక్కడ లేదు. చెయ్యి తన పని తాను చేసింది.

ఆ తర్వాత, రేపటి ప్రయాణానికి ట్యాంకు నిండా పోయించుకుని రమ్మని సంజీవరావు గారు గూడూరు పంపాడు. మగ్దలీనమ్మకు పొడుం డబ్బీ అయిపోయింది. గూడూరు పొడుం తప్ప వేరే పడదు. తానూ వస్తానని ఎక్కింది.

పోయేటప్పుడు బండి గుర్రంలాగా పోయింది. మైలుమైలుకూ పోలయ్య గుండె కుంగింది. ఆగితే బాగుండునని డ్రైవరు మొక్కుకున్న బండి గూడూరు తాలూకాలో అదొక్కటే. గూడూరులో ట్యాంకు నింపాడు. పొడుం కొన్నాడు. తిరిగివచ్చే దారిలో, అయిదో మైలు కూడా రాకముందే, బండి దగ్గింది. ఎక్కిళ్లు పెట్టింది. ఆగింది.

పోలయ్య స్టీరింగు మీద రెండు చేతులూ వేసి ఒక నవ్వు నవ్వాడు. "కార్బొరేటరండీ!" అన్నాడు, కామాక్షయ్య గొంతుతో.

"నవ్వు చాల్లే. నిండా తిన్నప్పుడే ఆగుతా ఉండాది నీ బండి. ఆకలి మీదుంటే పరిగెత్తతాది. మా పెద్ద మనవడు అట్టాంటోడే" అన్నది మగ్దలీనమ్మ, పొడుం పట్టిస్తూ.

పోలయ్య ఒక కాలు కింద పెట్టి ఆగిపోయాడు. రెండు గ్యాలన్లు పోసి వాకాడు పోయినప్పుడు ఆగలేదు. పొద్దున ఖాళీగా వచ్చినప్పుడు ఆగలేదు. నిండా పోస్తే ఆగింది. పుల్ల ముంచితే కదిలింది. పుల్ల మరిచిన రోజు మూడు గంటలదాకా కదల్లేదు.

నెమ్మదిగా వెనక్కి పోయి ట్యాంకు మూత తిప్పాడు.

హుస్...

"విన్నావా? నేను చెప్తే పిచ్చిముండ అంటారు. అది నిట్టూర్పు కూడా కాదురా పోలిగా. గాలి పీల్చుకుంటా ఉండాది. ఊపిరాడక చస్తా ఉండాది నీ బండి."

పోలయ్య చెయ్యి జేబులోకి పోయింది. దబ్బనం తగిలింది. పొద్దున నూనె డబ్బాకు రెండు బొక్కలు పొడిచిన దబ్బనం. ఒకటి నూనె బయటికి రావడానికి, ఒకటి గాలి లోపలికి పోవడానికి. ఒక్క బొక్కతో డబ్బా వంచితే నూనె గుటకలు పడి ఆగిపోతుందని కోట ఊళ్లో వంట చేసే ప్రతి ఆడదానికీ తెలుసు. పోలయ్య చేతికీ తెలుసు. తలకే ఎవరూ చెప్పలేదు.

మూత తిరగేసి చూశాడు. నడిమధ్య ఆవగింజంత బొక్క ఉండాలి. ట్యాంకులోకి గాలి పోయే దారి అది; ట్యాంకు ఖాళీగా ఉంటే లోపలి గాలే సరిపోతుంది, నిండా ఉంటే ఈ దారే దిక్కు, లేకపోతే సందుల్లోంచి గాలి ఇంకడానికి గంటలు పడుతుంది. బొక్క లేదు. దాని స్థానంలో నల్లగా, నున్నగా, గట్టిగా గుగ్గిలం. గుగ్గిలం మీద ఒక బొటనవేలి ముద్ర. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా పాత స్పానరు గాటు. పోలయ్య తన బొటనవేలు పక్కన పెట్టి చూసుకున్నాడు. చూడనవసరం లేదు. కార్తీకంలో పడవవైద్యం చేసినప్పుడు, నీళ్లు పోయే చిల్లు ఇంకొకటి దొరికిందని మురిసి, తానే అదిమిన ముద్ర.

కాసేపు రోడ్డును చూశాడు. ఎవరూ రావడంలేదు. దబ్బనంతో గుగ్గిలం పొడిచి, పెళ్లగించి, ఊది, మూత బిగించాడు. హ్యాండిలు తిప్పితే బండి అందుకుంది. కోట దాకా ఆగకుండా వచ్చింది.

"ఏందిరా తీసినావు ఆ మూతలోంచి?" అని దారిలో అడిగింది మగ్దలీనమ్మ.

"కుమ్మరి పురుగు గూడు పెట్టింది పెద్దమ్మగారూ. మట్టి."

ముసలామె ఒక చిటికెడు పొడుం పీల్చి, తుమ్మి, కళ్లు తుడుచుకుంది. "కుమ్మరి పురుగుకి గుగ్గిలం యాడ దొరికిందిరా? వాసన నా దాకా వచ్చింది."

రోడ్డు మీద ఎవరూ లేకపోయినా పోలయ్య హారను కొట్టాడు.

ఇప్పుడేం చెయ్యాలి? జబ్బు నేను పట్టుకున్నానంటే, జబ్బు తెచ్చిపెట్టింది కూడా నేనేనని చెప్పాలి. రెండు నెలలు ఎడ్లతో లాగించి, బజారులో నవ్వించి, పిల్లలను ఎండలో నిలబెట్టినవాడు తనే. నోరు మూసుకుంటే బండి బాగానే నడుస్తుంది, పేరు కామాక్షయ్యకు పోతుంది, సంచి కూడా పోతుంది. పోతే పోనీ, పరువన్నా దక్కుతుంది. రాత్రి అంకాలమ్మ పెట్టిన చేపల పులుసు కూడా సయించలేదు. నోరు మూసుకోవడానికే నిశ్చయించుకున్నాడు.

ఆదివారం తెల్లవారి బయలుదేరారు. ఏడో మైలురాయి దాటింది. "చూశావా రెబెక్కా, ఏడో మైలు" అన్నాడు సంజీవరావు గారు. "కామాక్షయ్యది అమృతహస్తం." పోలయ్య ఓర్చుకున్నాడు. గూడూరు వచ్చింది. "కుర్రవాడే కానీ ఎంత జ్ఞానం!" ఓర్చుకున్నాడు. మనుబోలు దగ్గర, "ఏమైనా చదువుకున్నవాడు వేరు పోలయ్యా" అన్నాడు. ఇది ఓర్చుకోవడం కష్టమైంది. గేరు కొంచెం గట్టిగా వేశాడు. వెనక నుంచి మగ్దలీనమ్మ, "ఏమోరా అబ్బయ్యా, ఈ ప్రపంచంలో కుమ్మరి పురుగులు కూడా శానా పని చేస్తాయి" అన్నది. పోలయ్య అద్దంలో ఆమెను చూశాడు. ఆమె కిటికీలోంచి తాటిచెట్లను చూస్తున్నది.

చర్చి నిండిపోయింది. పోలయ్య ప్రతిసారీలాగే వెనక తలుపు దగ్గర, చెప్పుల వరసకు కాపలాగా నిలబడ్డాడు. పాటలయ్యాయి. ప్రసంగం అయింది. ఆ తర్వాత సాక్ష్యాలు. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకోవడం అక్కడి పద్ధతి. ఒకామె బిడ్డ జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన మేనల్లుడు పరీక్ష పాసయ్యాడని చెప్పాడు. ఒక్కొక్క మాటకూ అందరూ "స్తోత్రం" అంటున్నారు.

సంజీవరావు గారు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "రెండు నెలలుగా మా బండి సాతాను చేతుల్లో ఉండింది. ఈ పొద్దు ముప్పై చిల్లర మైళ్లు ఎక్కడా ఆగకుండా వచ్చినాము. కామాక్షయ్య అనే సేవకుణ్ణి ప్రభువు మా వద్దకు పంపి..."

"స్తోత్రం!" అన్నది సంఘమంతా.

యుద్ధం నుంచి ఇప్పటిదాకా పోలయ్య ఎన్నో భరించాడు. నాలుగు వందల మంది ఒక్క గొంతుతో కామాక్షయ్యను పొగడటం మాత్రం భరించలేకపోయాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, బల్లల నడుమ నుంచి గబగబా ముందుకు నడిచాడు.

"అయ్యలారా, అమ్మలారా, ఆ మాట నిజం కాదు. తప్పు నాది!"

తలలన్నీ ఇటు తిరిగాయి. పాస్టరు గారి ముఖం వెలిగింది. "చెప్పు నాయనా. భయపడొద్దు."

"రెండు నెలలుగా ఊపిరాడకుండా చేసింది నేను. ఈ బొటనవేలితో!" అని బొటనవేలు ఎత్తి చూపించాడు.

"స్తోత్రం!"

"అడిగితే అబద్ధం చెప్పినాను. కుమ్మరి పురుగు మీద పెట్టినాను!"

"స్తోత్రం!" ముందు వరసలో ఒకామె కళ్లు ఒత్తుకున్నది. పాస్టరు గారు దిగివచ్చి పోలయ్య భుజం మీద చెయ్యి వేశారు. పోలయ్య భుజం మీద ఇంకొకరు చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. "ఇంకా చెప్పు నాయనా. మూసుకుపోయినదాన్ని తెరిచింది ఎవరు?"

"అదే గదా సార్ నేను చెప్పేది! తెరిచింది కూడా నేనే! నిన్న మధ్యాన్నం, గూడూరు రోడ్డులో, ఈ దబ్బనంతో! కామాక్షయ్యకి ఏమీ తెలియదు. వాడు మూత గోడమీద పెట్టుకోని కూడా చూడలేదు. గుగ్గిలం నాది, దబ్బనం నాది, జబ్బు నాది, మందు నాది. వాడిది ఇస్త్రీ చొక్కా ఒక్కటే!"

ఈసారి స్తోత్రం సగంమందే అన్నారు. తక్కినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పోలయ్యకు ఊపు వచ్చింది. ఎదురుగా నాలుగు వందల మంది, లేచిపోయేవాడు ఒక్కడూ లేడు. పాస్టరు గారి భుజం మీద తానూ చెయ్యి వేశాడు.

"నలభై నాలుగులో సార్, బర్మా సరిహద్దులో..."

"ఒరే పోలిగా!" ఆడవాళ్ల వరసలోంచి మగ్దలీనమ్మ గొంతు. "చెప్పాల్సింది చెప్పేసినావు. యుద్ధం దాకా పోవద్దు. వచ్చి కూర్చో. అన్నాలు చల్లారతా ఉండాయి."

ఆరోజు భోజనాల దగ్గర పోలయ్యకు రెండు సార్లు మాంసం వడ్డించారు. బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటావని పాస్టరు గారు అడిగితే, "ఇంట్లో ఆడది ఉండాది సార్, ఆమెనీ పోలేరమ్మనీ ఇద్దర్నీ అడగాల. ఇద్దర్లో ఎవురు ఒప్పుకోకపోయినా నాకు ఊళ్లో చోటుండదు" అన్నాడు.

తిరుగుప్రయాణంలో సంజీవరావు గారు ముందు సీటులో, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని కూర్చున్నాడు. పోలయ్య కళ్లు రోడ్డు మీదా చెవులు ఆయన మీదా పెట్టి నడుపుతున్నాడు. స్పానర్ల సంచి ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. మనుబోలు దాటింది. గూడూరు దాటింది. ఏడో మైలురాయి కూడా వెనక్కిపోయింది.

సంజీవరావు గారు సంచి ఎత్తాడు. పోలయ్య గుండె ఒక్క క్షణం ప్లగ్గు లేని ఇంజనయింది. ఆయన దాన్ని పోలయ్య కాళ్ల దగ్గర, ఎప్పుడూ ఉండేచోట పెట్టాడు.

"పోలయ్యా."

"అయ్యా."

"గుగ్గిలం ఇంకా యాడాడ పెట్టినావు?"

పోలయ్య వెన్ను నిటారుగా చేసుకున్నాడు. స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి సంజీవరావు గారి భుజం మీద వేశాడు. "ముక్కు కాడినుంచి చెప్తా వినండయ్యా" అని మొదలుపెట్టాడు. కోట వచ్చేసరికి వెనక చక్రాల దాకా కూడా రాలేదు. బండి ఇంటిముందు ఆగింది. పిల్లలు దిగిపోయారు, రెబెక్కమ్మ దిగిపోయింది. మగ్దలీనమ్మను ఇద్దరు పట్టి దింపారు. సంజీవరావు గారు మాత్రం చాలాసేపు దిగలేకపోయాడు.